పోపులడబ్బాలో రూపాయి

మన భాషలో "చిల్లర" అన్న మాటకు ఉన్నంత అపకీర్తి మరో మాటకు లేదనుకుంటాను. మనిషి నచ్చకపోతే చిల్లర మనిషి అంటాము. మాట నచ్చకపోతే చిల్లర మాట. కుర్రవాడు పనీపాటా లేకుండా ఉంటే చిల్లరగా తిరుగుతున్నాడంటాము. వీధి చివర పాతికేళ్ళుగా ఉప్పూ పప్పూ అమ్మి నలుగురు పిల్లలను చదివించిన పెద్దమనిషిదైనా సరే, అది చిల్లరకొట్టే. ఇంతగా తీసిపారేసిన ఆ చిల్లరే, బస్సులో కండక్టరు "సరిపడా ఇవ్వండమ్మా!" అని గద్దించినప్పుడు మాత్రం దేవుడల్లే గుర్తుకు వస్తుంది. అప్పుడు జేబులు తడుముకుంటాము. ఆయన ఇద్దరు ప్రయాణికులను జతచేసి, ఇద్దరి బాకీకీ కలిపి ఒకే నోటు చేతిలో పెట్టి, "దిగి మార్చుకోండి" అంటాడు. ముక్కూమొహం తెలియని మనిషితో అరగంటసేపు చుట్టరికం కలుపుకోవలసి వస్తుంది!

నిజానికి మనం గౌరవంగా చెప్పుకునే "డబ్బు" కూడా పుట్టుకచేత చిల్లరదే. డబ్బు అనేది ఒకనాడు ఈ ప్రాంతంలో చెలామణీ అయిన ఒక రాగినాణెం పేరు. ఆ రాగిబిళ్ళ పేరే పెరిగి పెద్దదై, లక్షలకూ కోట్లకూ కూడా డబ్బు అన్న పేరే నిలిచిపోయింది. కాసు సంగతీ అంతే. ఏడుకొండలవాడు ఈనాటికీ వడ్డికాసులవాడే గాని, వడ్డినోట్లవాడు కాలేదు గదా!

కానీ, అర్ధణా, అణా, బేడ, పావలా — ఈ నాణేలన్నీ వెళ్ళిపోయాయి. మాటలు మాత్రం వెళ్ళలేదు. దమ్మిడీ ఆదాయం లేకపోయినా క్షణం తీరికలేనివాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదని వాపోయేవాళ్ళున్నారు. మొన్న తరగతిలో "పదహారణాల తెలుగుపిల్ల" అన్న మాటకు అర్థమడిగితే, ఒక కుర్రవాడు లేచి "లంగా ఓణీ వేసుకున్న పిల్లండీ" అన్నాడు. పదహారణాలు కలిస్తే నిండు రూపాయి అవుతుందనీ, ఆ నిండుదనాన్నే మనిషికి అన్వయించారనీ చెబితే, పిల్లలంతా ఏదో పురాణగాథ విన్నట్టు చూశారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. అణా సంగతి దేవుడెరుగు, రూపాయి బిళ్ళను చేత్తో పట్టుకుని వారం దాటినవాళ్ళు ఆ తరగతిలో సగం మంది ఉంటారు.

ఈవారం ముచ్చట ఆ చిల్లర గురించే. ఇళ్ళలో అది నానాటికీ తగ్గిపోతున్నది. దాంతోబాటు మరొకటి కూడా పోతున్నదని నా అనుమానం.

ఏ ఇంట్లోనైనా చిల్లర ఎక్కడెక్కడ ఉంటుందో ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఇంటాయన చొక్కాజేబులోది ఉతకబోయేముందు బయటపడుతుంది. ఫ్రిజ్జు మీద తాళంచెవులతో కలిసి కొంత ఉంటుంది. దేవుడి గూట్లో పసుపుగుడ్డలో ముడుపు కట్టినది కొంత. దాన్ని ఎవరూ ముట్టరు. పిల్లలకని తిరునాళ్ళలో కొన్న మట్టి డిబ్బీలో కొంత. వీటన్నిటినీ మించినది పోపులడబ్బాలోది. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరపకాయల ముక్కల నడుమ ఒక గిన్నె ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. మూతతీసి చూస్తే ఇంగువ వాసన వేసే రూపాయి బిళ్ళలు. కందిపప్పు డబ్బా అడుగున, బియ్యపు డ్రమ్ములో, చీరల మడతల్లో — ఈ ఖజానాలకు లెక్కలేదు. ఇంటాయనకు ఇవి తెలియవని ఇల్లాలు అనుకుంటుంది. తెలియనట్టే ఆయనా నటిస్తాడు. నెలాఖరున పాలవాడు వచ్చినప్పుడు ఆ నటన ఇద్దరికీ అక్కరకు వస్తుంది.

అయితే, మగవారి చిల్లరకూ ఆడవారి చిల్లరకూ ఒక తేడా ఉన్నది. మగవారిది మిగిలిపోయిన చిల్లర. టీ తాగగా, బండిలో పెట్రోలు పోయించగా జేబులో పడి ఉన్నది. ఆడవారిది మిగిల్చిన చిల్లర. కూరలబండి దగ్గర నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి, రెండు వంకాయలు తక్కువ పుచ్చుకుని, రిక్షా ఎక్కవలసిన చోట నడిచి, దాచిపెట్టినది. దాని వెనుక ఒక కోరిక గాని ఒక భయం గాని ఉంటుంది.

ఈ లెక్కల్లో మన ఇల్లాళ్ళు ఎంత గట్టివాళ్ళో 1957లోనే రుజువయింది. ఆ ఏడు ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అంతవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు. ఆపైన రూపాయికి 100 నయాపైసలు. పాతా కొత్తా నాణేలు రెండూ కొన్నాళ్ళు పక్కపక్కనే నడిచాయి. అణాకు కచ్చితంగా ఆరుంపావు పైసలు కావాలి. పావు పైసాకు నాణెం ఎక్కడిది? అందుచేత అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేశారు. ఈ పట్టికలో ఒక కిటుకున్నది. నాలుగణాల సరుకు ఒక్కసారే కొంటే 25 నయాపైసలు. అదే సరుకు అణా చొప్పున నాలుగు విడతలుగా కొంటే 24! ఒక నయాపైసా ఆదా. కరివేపాకు మొదలు కుంకుమ దాకా ప్రతిదానికీ పిల్లవాణ్ణి నాలుగుసార్లు కొట్టుకు తరిమేవారని మా అమ్మమ్మ నవ్వుతూ చెబుతుండేది. 1964 జూన్ 1న "నయా" పోయి ఉత్త పైసాలయ్యాయి. అంతకుముందు, యుద్ధకాలంలో 1943 నుంచి వచ్చిన నడుమ చిల్లున్న కానీని పిల్లల మొలతాడుకు కట్టడం కూడా ఆవిడ చెప్పిన ముచ్చటే.

ఇక మన సీమ సంగతి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూముల్లో — 2022లో పల్నాడు, బాపట్ల అని కొత్త జిల్లాలు ఏర్పడినా నేల మారలేదు గదా — సంసారం నడిచే తీరు వేరు. ఉద్యోగస్థుడికి నెలకొకసారి జీతం. ఇక్కడి రైతుకు ఏడాదికి ఒక్కసారి పైకం. పత్తితీతలు సంక్రాంతి ముందూ వెనుకా. మిరపకోతలు జనవరి నుంచి వేసవి ముదిరేదాకా. కాయ కల్లంలో ఎండి, టిక్కీల్లోకెక్కి, గుంటూరు మిర్చియార్డుకు చేరి, ధర పలికి, కమీషను కొట్టులో లెక్క తేలాలి. విత్తనాలకూ, ఎరువులకూ, పురుగుమందులకూ తెచ్చిన అప్పు, దానిమీద వడ్డీ పోగా మిగిలినది చేతికి వస్తుంది. ఆ చెయ్యి మగవాడిది. ఆ పైకం పెద్దది. దానితో చేసే పనులూ పెద్దవే. పొలం, ఇల్లు, పెళ్ళి, పాతబాకీ. ఆ ఏడు తెగులు తగిలిందా, ధర పడిపోయిందా, పెద్ద పైకం అసలు రాదు.

మరి మిగిలిన పదినెలలూ ఇల్లెట్లా గడుస్తుంది? చిల్లర మీద గడుస్తుంది. పాలకేంద్రంలో పోసిన పాల డబ్బులు, నాలుగు కోళ్ళ గుడ్లు అమ్మిన డబ్బులు, నెయ్యి కాచి అమ్మిన డబ్బులు. పొలం లేని ఇంట అయితే పత్తితీతకూ మిరపకోతకూ వెళ్ళిన కూలి. ఊళ్ళోవాళ్ళ లెక్కలో పంట ఇంటాయనది. ఈ చిల్లర ఇల్లాలిది. ఎవరూ కాగితం రాసుకోలేదు, ఎవరూ చట్టం చెయ్యలేదు. అయినా ఆ హద్దు తరతరాలుగా అట్లాగే నిలిచి ఉన్నది. మా ఊరి పెద్దావిడ ఒకరు ఈ సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఆయన డబ్బులకు లెక్క ఉంటుంది నాయనా, నా డబ్బులకు లెక్క అడిగేవాళ్ళు ఉండరు." లెక్క చెప్పనక్కరలేని డబ్బు మనిషి చేతిలో కాస్తయినా ఉండటం ఎంత ధైర్యమో, అది లేనివాళ్ళకే తెలుస్తుంది.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో పరీక్ష ఫీజులు కట్టే ఆఖరురోజు. ఆఫీసు గది దగ్గర గొడవ వినిపించి వెళ్ళాను. మిరపపొలాల పక్క ఊరినుంచి వచ్చే అమ్మాయి ఒకతె గుడ్డసంచి బల్లమీద పెట్టి నిలబడి ఉన్నది. సంచినిండా రూపాయి, రెండు రూపాయల, అయిదు రూపాయల బిళ్ళలు. గుమాస్తాగారు "ఇదేమన్నా గుడి హుండీ అనుకున్నావా అమ్మా? నోట్లు తీసుకురా, ఫో" అంటున్నారు. వెనుక వరసలో పిల్లలు నవ్వుతున్నారు. ఆ అమ్మాయి ఏడవలేదు. సంచీ తీసుకోనూ లేదు. "మా అమ్మ ఇచ్చిందండీ, సరిగ్గా ఉన్నాయండీ" అన్న మాటే మళ్ళీమళ్ళీ అంటున్నది.

నేనూ, మరో సహోద్యోగీ కూర్చుని లెక్కపెట్టాము. పది పది బిళ్ళలు దొంతరలు పెట్టాము. కొన్నిటికి కారం రంగు అంటుకుని ఉన్నది. ఫీజు కట్టగా మూడు రూపాయలు ఎక్కువ వచ్చాయి. గుమాస్తాగారు మనసు మెత్తబడి రసీదు రాసి ఇచ్చారు. ఇక వెళ్ళవచ్చు. కాని ఆ పిల్ల కదలలేదు. "ఆ మూడు రూపాయలు ఇస్తారాండీ? మా అమ్మ లెక్క అడుగుతుంది" అన్నది. గదిలో ఎవరూ నవ్వలేదు. లెక్క ఎవరికీ చెప్పనక్కరలేని ఆ తల్లి, తన లెక్క తాను ఎంత కచ్చితంగా పెట్టుకున్నదో మాకందరికీ బోధపడింది. ఆ ఏడు మిరపకు ధర లేదని తరువాత విన్నాను. ఇంటాయన చేతిమీదుగా రావలసిన ఫీజే అయితే, ఆ అమ్మాయి చదువు ఆ ఏడాదితో ఆగిపోయి ఉండేదేమో.

చట్టం కూడా ఆ పిల్ల పక్షానే ఉన్నదని చెప్పుకోవాలి. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం, రూపాయి, అంతకు మించిన బిళ్ళలతో వెయ్యి రూపాయల వరకు బాకీ తీర్చవచ్చు. అది చెల్లే డబ్బే. నోట్లే కావాలని అనడానికి వీలులేదు.

ఒక ఇల్లాలి చిల్లర ఒక పిల్ల ఫీజుకు సరిపోతే, ఊరంతటి ఇల్లాళ్ళ చిల్లర ఒకచోట చేరితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మన పొరుగునే దొరికింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకుని, 1992లో సారాకొట్టు మీద తిరగబడ్డారు. ఆ నిప్పు జిల్లా అంతా, ఆపైన రాష్ట్రమంతా అంటుకున్నది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే. దాని వెనుక వచ్చిన కథ అంతగా తెలియదు. సారాకు పోయే డబ్బు ఆగింది గదా, అందులో కొంతైనా ఇంట్లో నిలవాలి. నెల్లూరు జిల్లాలోనే "పొదుపు లక్ష్మి" అని బృందాలు కట్టి, మనిషికి రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. రోజుకు రూపాయి అంటే నవ్వులాటగా ఉంటుంది. పదిహేనుమంది కలిస్తే ఏడాదికి 5,475 రూపాయలు. కూలినాలి చేసుకునేవాళ్ళ చేతిలో ఆనాడది చిన్న మొత్తం కాదు. దానిలోంచి ఒకరికొకరు బదులు ఇచ్చుకున్నారు. ఆ బృందాలను చూసి బ్యాంకులు అప్పులివ్వడానికి ముందుకు వచ్చాయి. ఇవాళ ఊరూరా కనిపించే డ్వాక్రా సంఘాల బలంలో ఆ రూపాయి పాలు చాలా ఉన్నది.

ఆ సంఘాలకే 2004లో "పావలా వడ్డీ" పథకం వచ్చింది. మన పల్లెల్లో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని ఎవరూ అనరు. నూటికి నెలకు ఎంత అనే చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. పావలా వడ్డీ అంటే ఏడాదికి నూటికి 3. రెండు రూపాయల వడ్డీకి అలవాటుపడ్డ ఇంట్లో పావలా అన్న మాట ఎంత చల్లగా వినిపించి ఉంటుందో ఊహించండి. తమాషా ఏమంటే, పావలా నాణెం, అంతకు తక్కువవీ 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. నాణెం పోయినా, ఆడవాళ్ళ నోట పావలా వడ్డీ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉన్నది.

ఇప్పుడు నా అనుమానం సంగతికి వస్తాను. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవన్నారు. ఆ మర్నాడు ఎన్ని ఇళ్ళలో పోపులడబ్బాలు గుట్టు విప్పుకున్నాయో చెప్పలేము. నోట్లు దాచుకున్న ఇల్లాళ్ళు తలవంచుకుని భర్తల చేతికీ కొడుకుల చేతికీ ఇచ్చి బ్యాంకుకు పంపవలసివచ్చింది. చిల్లర బిళ్ళలు దాచుకున్న ఆవిడ ఒక్కతే నిశ్చింతగా నిద్రపోయింది! అదే ఏడాది యూపీఐ కూడా వచ్చింది. ఇవాళ కొత్తిమీర కట్టకు కూడా ఫోనే. ముప్పైఏడు రూపాయలైతే ముప్పైఏడే పోతుంది. మూడు రూపాయలు తిరిగిరావు. మూడు రూపాయల బదులు చాక్లెట్టు కూడా రాదు. కనుక పోపులడబ్బాలో వేసేందుకు ఏమీ మిగలదు.

అంతేకాదు. ఫోనులో పోయే ప్రతి రూపాయికీ తారీఖు, వేళ, పుచ్చుకున్నవారి పేరు — అన్నీ చిత్రగుప్తుడి చిట్టాలో మాదిరి నమోదవుతాయి. ఆ ఖాతా చాలా ఇళ్ళలో ఇంటాయనది గాని కొడుకుది గాని. "అమ్మా, నిన్న ఎవరికో నలభై రూపాయలు పంపావు, దేనికి?" అని కొడుకు అడుగుతాడు. అడగడంలో చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కాని ముప్పైఏళ్ళుగా ఎవరికీ లెక్క చెప్పకుండా ఇల్లు నడిపిన మనిషి, ఆ నలభై రూపాయలు పనిమనిషి కూతురి జ్వరానికి ఇచ్చానని సంజాయిషీ చెప్పుకోవలసి వస్తున్నది. నాలుగుసార్లు చెప్పుకున్నాక, అయిదోసారి ఇవ్వడం మానేస్తుంది.

ఫోను చేసిన మేలు కాదనను. చిల్లర కోసం జరిగే తగాదాలు తగ్గాయి. మిరపబజ్జీల బండివాడికి రోజంతా పోగైన డబ్బు జేబుదొంగ భయం లేకుండా ఇల్లు చేరుతున్నది. దూరాన చదువుకునే పిల్లలకు క్షణంలో పంపగలుగుతున్నాము. సొంత ఖాతా, సొంత ఫోను ఉన్న ఇల్లాలికి అది చిల్లరకన్న గట్టి అండ. చిక్కంతా అవి రెండూ లేనివారిదే. వారి చేతిలోని చిల్లర పోయింది; దాని చోట మరొకటి రాలేదు.

ఏం చెయ్యాలి? ముందు ఉన్న చిల్లర సంగతి చూద్దాము. ఈ ఆదివారం ఇంట్లో డిబ్బీలు, డబ్బాలు, సొరుగులు అన్నీ ఒకచోట కుమ్మరించండి. పిల్లలను కూర్చోబెట్టి వేరుచేయించండి. వాళ్ళకు విసుగు రాకుండా ఒక ఆట చెబుతాను. బిళ్ళమీద సంవత్సరం కింద చూడమనండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టినది. వజ్రం గుర్తు ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. మన హైదరాబాదు బిళ్ళలు ఎన్ని వచ్చాయో ఎవరు ముందు చెబితే వారికి అందులోనే ఒక రూపాయి బహుమానం.

పావలా, ఇరవై పైసల ఆరుపలకల బిళ్ళ, పది పైసల వంపుల బిళ్ళ, అయిదు పైసల నలుచదరం దొరికితే పిల్లలకు చూపించడానికి దాచండి, అవి చెల్లవు. వాటిని లక్షలకు కొంటామని ఫోనులో వచ్చే ప్రకటనలు నమ్మి ముందుగా ఏ రుసుమూ కట్టకండి. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇట్లా పాత నాణేల బేరాలు పెట్టేవారున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. అర్ధరూపాయి కొట్లలో పుచ్చుకోకపోయినా, చట్టప్రకారం ఇంకా చెల్లుతుంది. రూపాయి బిళ్ళ పాతది పెద్దదైనా, కొత్తది చిన్నదైనా ఒకటే విలువ. ఇక పది రూపాయల బిళ్ళను చూస్తే మన కొట్లవాళ్ళు పామును చూసినట్టు వెనక్కు తగ్గుతారు. పద్నాలుగు రకాల బొమ్మలతో వచ్చిన ఆ బిళ్ళలన్నీ చెల్లుతాయని 2018 జనవరిలోనే రిజర్వు బ్యాంకు ప్రకటించింది. మీరు పుచ్చుకోవడం మొదలుపెడితే కొట్టాయనా పుచ్చుకుంటాడు.

తరువాత, రకానికి వంద చొప్పున పొట్లాలు కట్టండి. బ్యాంకులో మీ ఖాతాలో ఎన్ని నాణేలైనా వేసుకోవచ్చు. దానికి పరిమితి లేదు. కాస్త రద్దీ లేని వేళ చూసి వెళ్ళడం మర్యాద. బరువు సంగతి కూడా చూసుకోండి, ఇప్పటి కొత్త రూపాయి బిళ్ళలు వెయ్యి అయితే మూడు కిలోల పైచిలుకు తూగుతాయి. బ్యాంకు దాకా మోయలేకపోతే వీధి చివరి కొట్టాయనకు ఇవ్వండి. ఆయన మీకు నోట్లు ఇచ్చి దణ్ణం కూడా పెడతాడు. మిరపకోతల రోజుల్లో అయితే ముఠామేస్త్రికి ఇవ్వండి. పదహారుమంది ఆడకూలీలకు అయిదువందల నోట్ల కట్ట పంచడానికి ఆయన పడే అవస్థ చూస్తే, చిల్లర ఇంట్లో మూలపడి ఉండటం ఎంత దండగో తెలుస్తుంది. డిబ్బీలో ఉన్న రూపాయి ఎవరి ఆకలీ తీర్చదు; నలుగురి చేతులు మారినప్పుడే దానికి విలువ.

ఆఖరుది, అసలైనది. ఆ డబ్బు ఏ ఖాతాలో వేస్తున్నారు? ఇల్లాలి పేరుతో, ఆవిడ సంతకంతో నడిచే ఖాతా లేకపోతే ముందు అది తెరవండి. నిలవ ఏమీ లేకుండానే ఖాతా ఇచ్చే జనధన పథకం 2014 నుంచి ఉన్నది. తపాలా కార్యాలయంలో నెలకు వంద రూపాయలతో అయిదేళ్ళ రికరింగు డిపాజిట్టు కట్టవచ్చు. రోజుకు మూడున్నర రూపాయల లోపే పడుతుంది. ఇంటిఖర్చుకు ఫోనులో పంపే ఇంటాయనలకు ఒక విన్నపం. సరిగ్గా లెక్కవేసి పంపకండి. కూరలబండి దగ్గర వెనకటి రోజుల్లో ఎంత మిగిలేదో అంత కలిపి పంపండి. ఆ మిగులుకు లెక్క అడగకండి. అది మీ దయ అని కూడా అనుకోకండి. ఎప్పటినుంచో ఆవిడకు చెందుతున్నదే.

డబ్బాలు కుమ్మరించి, లెక్కలన్నీ తేలాక, "ఇంతకీ ఇదంతా ఎవరి డబ్బు?" అని పిల్లలు అడుగుతారు. ఎవరు కూడబెట్టారో వారిదని చెప్పండి.